కాంటన్ ఫెయిర్ చూసొచ్చాను, మన గోదావరి డెల్టాలో అలాంటిది ఎక్కడ మొదలుపెట్టాలి?

భీమవరం ఏరియేటర్ (భీమవరం)

అందరికీ నమస్కారమండి. మొన్న ఏప్రిల్‌లో చైనాలో గ్వాంగ్‌జౌ వెళ్లొచ్చాను, అక్కడ ఏడాదికి రెండుసార్లు జరిగే పెద్ద వ్యాపార ఎగ్జిబిషన్, కాంటన్ ఫెయిర్ అంటారే, అది చూడ్డానికి. వచ్చి నెలన్నర అయినా ఆ ఊరు బుర్రలోంచి పోవట్లేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

నాకు చిన్న షెడ్డు ఉంది. రొయ్యల చెరువులకి ఏరియేటర్లు (నీళ్లు చిలికి ఆక్సిజన్ కలిపే మెషిన్లు) బిగిస్తాం, పదకొండు మంది పని చేస్తారు. మోటారు కోయంబత్తూరుది, నీళ్ల మీద తేలే బోట్లు, ఫ్యాన్లు మన చుట్టుపక్కలే పోయిస్తాం, ఫ్రేము మా షెడ్డులోనే వెల్డింగ్ చేస్తాం. గేర్‌బాక్స్ మాత్రం చైనాది. నా బాధంతా దాంతోనే. మోటారు నిమిషానికి 1440 చుట్లు తిరుగుతుంది, నీళ్లలో ఫ్యాను వంద చుట్ల దగ్గర తిరగాలి, మధ్యలో ఆ వేగం తగ్గించేది గేర్‌బాక్సే. సీలు కొంచెం అరిగినా ఉప్పునీళ్లు లోపలికి దూరతాయి, ఆయిలు తెల్లగా మజ్జిగలా అయిపోతుంది, ఇంక ఆ గేరు ఎన్నాళ్లో ఉండదు. చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామునే. ఆ టైములో నాలుగు ఏరియేటర్లలో రెండు ఆగిపోతే తెల్లారేసరికి రొయ్య పైకి తేలుతుంది. రాత్రి మూడింటికి రైతు ఫోన్ చేసేది నాకే. నా దగ్గర స్పేరు ఉంటే బండి మీద పట్టుకెళ్తాను, లేకపోతే ఏం చెప్పను ఆయనకి? ఓడలో వస్తుంది, నలభై రోజులు ఆగండి అనాలా?

అందుకని మెషినరీ ఉండే మొదటి విడతకి వెళ్లాను. హాళ్లు చూస్తే కళ్లు తిరిగాయి, రెండు రోజులకే కాళ్లు వాచిపోయాయి. కానీ నేను చెప్పాలనుకున్నది హాళ్ల గురించి కాదు. మూడోరోజు ఒక గేర్‌బాక్స్ ఆయన ఫెయిర్ నుంచి కారులో తన వర్క్‌షాపుకి తీసుకెళ్లాడు, ఫోషాన్ వైపు, షుండే అనే చోటికి. ఆయనదీ పెద్ద ఫ్యాక్టరీ ఏం కాదు, మా షెడ్డుకి మూడింతలు ఉంటుందేమో. నాకు సీలు మార్చి, ఉప్పునీళ్లకి ఆగేలా చేసి ఇవ్వగలవా అని అడిగాను. ఆయన ఫోన్ తీశాడు. గంట తిరక్కుండా సీళ్లు చేసేవాడు శాంపిల్ సంచి పట్టుకుని స్కూటర్ మీద వచ్చాడు. బేరింగుల కొట్టు అదే రోడ్డులో ఉంది, గేర్లు కోసేవాడు వెనక సందులో, అచ్చులు చేసేవాడు పది నిమిషాల దూరంలో, ఆఖరికి అట్టపెట్టెలు చేసేవాడు కూడా అక్కడే. సాయంత్రానికి మార్చిన పీసు నా చేతిలో పెట్టాడు.

నేను ఇక్కడ అదే పని చేయించాలంటే గేరు కోయించడానికి విజయవాడ ఆటోనగర్ వెళ్లాలి, లేదా రాజ్‌కోట్ పంపాలి, సీలు చెన్నైలో, అచ్చు ఇంకోచోట. తెలివి మనకి తక్కువ కాదు, దూరమే మనల్ని తినేస్తోంది.

ఇప్పుడు నా ప్రశ్న. మన డెల్టాలో తయారుచేసేవాళ్లం, ఇరవై ముప్ఫై మందిమి కలిసి అక్టోబర్‌కి అక్కడికి వెళ్దామా? లేక మన దగ్గరే ఏడాదికోసారి ఎగ్జిబిషన్ లాంటిది మొదలుపెడదామా? రెండిట్లో ఏది ముందు?

గోదావరి గట్టు (రాజమండ్రి)

బాగా రాశారు. నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ముందు హాలు కావాలి. రాజమండ్రిలో సరైన ఎగ్జిబిషన్ హాలు లేదు, ఏదైనా పెట్టాలంటే కాలేజీ గ్రౌండులో రేకులు, గుడ్డలు కట్టి పెడతాం, అందులో సగం జెయింట్ వీలు, బజ్జీల కొట్లు. మధురపూడిలో విమానాశ్రయం ఉంది, హౌరా–చెన్నై మెయిన్ లైను మీద స్టేషన్, పక్కనే హైవే. 2027లో పుష్కరాలు వస్తున్నాయి, రోడ్లకీ ఘాట్లకీ ఎలాగూ డబ్బు పెడతారు, దాంతోపాటే ఒక శాశ్వతమైన హాలు కట్టించుకుంటే తరవాత ఏడాది పొడవునా పనికొస్తుంది. హైదరాబాద్‌కి హైటెక్స్ వచ్చాకే కదా ఎగ్జిబిషన్లన్నీ అక్కడికి చేరింది.

ఉండి చెరువు (ఉండి)

హాలు కట్టాక అందులో ఏం పెడతారండి? పెళ్లిళ్లు చేస్తారు. మన దగ్గర కట్టిన ప్రతి పెద్ద హాలుకీ చివరికి జరిగింది అదే.

తణుకు అబ్బాయి (గ్వాంగ్‌జౌ)

నేను తణుకువాణ్ణి, గ్వాంగ్‌జౌలో ఉంటాను, మన దేశం నుంచి వచ్చే కొనుగోలుదారులకి సరుకు చూపించి, క్వాలిటీ చెక్ చేసి పంపించే పని. భీమవరం అన్నయ్య రాసింది చదివి చాలా సంతోషం వేసింది. కొన్ని విషయాలు చెప్పాలి, ఎందుకంటే హాలు ముందా ఫ్యాక్టరీ ముందా అన్న ప్రశ్నకి ఈ ఊరి జవాబు మీరు అనుకున్నంత తేలిగ్గా లేదు.

కాంటన్ ఫెయిర్ మొదలైంది 1957 వసంతంలో. అప్పటికి ఈ చుట్టుపక్కల ఇప్పుడున్న ఫ్యాక్టరీల్లో ఏవీ లేవు. దేశానికి విదేశీ మారకం కావాలి, అమెరికా వ్యాపారం ఆపేసింది, హాంగ్‌కాంగ్ పక్కనే ఉన్న ఊరు ఇది, బయటి వర్తకులు రైలెక్కి వచ్చేయొచ్చు. అందుకని దేశం నలుమూలల నుంచీ పట్టు, తేయాకు, పింగాణీ తెచ్చి ఇక్కడ పెట్టి అమ్మారు. 1978 తరవాత తలుపులు తెరిచేసరికి ఏడాదికి రెండుసార్లు కొనేవాళ్లు ఈ ఊరికి రావడం అప్పటికే ఇరవై ఏళ్ల అలవాటు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఆ కొనేవాళ్లని చూసి షెడ్లు పెట్టారు. అంటే ఇక్కడ సంత ముందు పుట్టింది, కార్ఖానా తరవాత. కానీ గోదావరి గట్టు గారూ, హాలు మాత్రం చాలా ఆలస్యంగా వచ్చింది. ఇప్పుడు అన్నయ్య చూసిన పాజౌ ప్రాంగణంలోకి ఫెయిర్ పూర్తిగా మారింది 2008లో. యాభై ఏళ్లు దాటాక. అంతకు ముందంతా ఊళ్లో వేరేవేరే భవనాల్లో, ఇరుకులో నడిచింది.

ఇంకొకటి. షుండే గురించి అన్నయ్య రాశాడు, ఆ షుండే ఒకప్పుడు మన పశ్చిమగోదావరే అనుకోండి. అదీ డెల్టానే, ముత్యాల నది డెల్టా. అంతా చేపల చెరువులు, చెరువు గట్ల మీద మల్బరీ. ఆకు పట్టుపురుగుకి, పురుగుల పెంట చేపకి, చెరువు అడుగున బురద తీసి మళ్లీ మల్బరీ మొక్కకి. కొన్ని వందల ఏళ్లు అలా బతికారు. ఈరోజు ఏసీలు, ఫ్యాన్లు చేసే మిడియా (Midea) కంపెనీ అక్కడిదే, 1968లో బెయిజియావ్ అనే చోట 23 మంది కలిసి సీసాల మూతలు చేసే చిన్న వర్క్‌షాపుగా మొదలుపెట్టారు. సీసా మూతల నుంచి. అది తలుచుకున్నప్పుడల్లా నాకు మన ఊళ్లే గుర్తొస్తాయి.

నరసాపురం లేసు (నరసాపురం)

తమ్ముడూ, చాలా మంచి సంగతులు చెప్పావు. నేను లేసు ఎగుమతి చేసేవాళ్ల దగ్గర పద్నాలుగేళ్లు పనిచేసి ఇప్పుడు సొంతంగా చేస్తున్నాను. మా అమ్మ, అమ్మమ్మ ఇద్దరూ లేసు అల్లినవాళ్లే. అందుకని ఎగ్జిబిషన్ల గురించి నాకు తెలిసింది చెప్తాను, ఇది కొంచెం చేదుగా ఉంటుంది.

నేను ఢిల్లీ పక్కన గ్రేటర్ నోయిడాలో ఏడాదికి రెండుసార్లు జరిగే హస్తకళల ఫెయిర్‌కి నాలుగుసార్లు వెళ్లాను. స్టాలు అద్దె, రానుపోను ఖర్చు, శాంపిళ్లు, హోటల్ అన్నీ కలిపితే మొదటి రెండుసార్లు నష్టమే. మూడోసారి ఒకావిడ, డెన్మార్క్ ఆవిడ, బల్ల మీద గుడ్డలు చూసి అప్పుడే ఆర్డర్ ఇచ్చింది, ఆవిడ ఇప్పటికీ మా దగ్గరే కొంటుంది. కాబట్టి ఫెయిర్ వల్ల లాభం లేదని నేను అనను. రెండేళ్లు నష్టపోయి తట్టుకోగలిగినవాళ్లకే మూడో ఏడు ఫలితం ఉంటుంది, ఇది ఎవరూ ముందు చెప్పరు.

కానీ ఆ ఆర్డర్ డబ్బు అల్లినవాళ్లకి ఎంత చేరింది? చాలా తక్కువ. ఎగుమతిదారు నుంచి ఏజెంటు, ఏజెంటు నుంచి ఊళ్లో ఇంకో ఆవిడ, ఆవిడ దారపు బంతులు పంచి పెడుతుంది, మధ్యాహ్నం వంటయ్యాక అరుగు మీద కూర్చుని అల్లే ఆడవాళ్లకి ముక్కకి ఇంత అని ఇస్తారు. ఆ ముక్క ఎక్కడికి వెళ్తుందో, అక్కడ ఎంతకి అమ్ముతారో వాళ్లకి తెలియదు. 19వ శతాబ్దంలో మిషనరీల దగ్గర నేర్చుకున్న దగ్గర్నుంచీ ఇంతే. 2024లో నరసాపురం లేసుకి జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది, అందరం సంతోషించాం, మరి అల్లేవాళ్ల చేతికి రేటు పెరగాలి కదా.

నేనూ గ్వాంగ్‌జౌ వెళ్లాను ఒకసారి, ఫెయిర్‌కి కాదు, అక్కడ జోంగ్‌డా బట్టల మార్కెట్ చూడ్డానికి. అదీ పాజౌ ఉన్న హైజూ జిల్లాలోనే. మెషిన్ మీద నేసిన క్రోషే లాంటి లేసు రోల్స్ రోల్స్ ఉంది. దూరం నుంచి చూస్తే మా అమ్మ అల్లినట్టే ఉంది. దగ్గరికెళ్లి తిరగేసి చూస్తే తెలుస్తుంది, చేత్తో అల్లినదానికి ముడి ఉంటుంది, దానికి ఉండదు. ఆ కొట్లో చాలాసేపు నిలబడిపోయాను.

పాలకొల్లు మేస్టారు (పాలకొల్లు)

అమ్మా, నువ్వు రాసింది చదివాక నేను రాయకుండా ఉండలేకపోతున్నాను. నేను చరిత్ర చెప్పి రిటైరైనవాణ్ణి.

మీ నరసాపురం పక్కన మాధవాయపాలెం ఉంది కదా. 17వ శతాబ్దంలో అక్కడ ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఫ్యాక్టరీ ఉండేది. అప్పట్లో ఫ్యాక్టరీ అంటే యంత్రాలు తిరిగే చోటు కాదు, నేతగాళ్లకి ముందస్తు సొమ్మిచ్చి బట్ట కొని, గోదాములో పెట్టి, ఓడెక్కించే కొఠీ. ఇక్కడ మా పాలకొల్లులో డచ్చివాళ్ల కొఠీ ఉండేది. ఆ మాధవాయపాలెం పేరే తెల్లవాళ్ల నోట మడపొల్లం అయింది, అక్కడి నుంచి వెళ్లిన తెల్లటి మెత్తటి నూలు బట్టకి మడపొల్లం అనే పేరు స్థిరపడింది. ఇప్పటికీ ఇంగ్లీషు నిఘంటువుల్లో ఉంది. తరవాత ఏమైందంటే ఇంగ్లండులో మిల్లులు అదే రకం బట్ట నేసి అదే పేరుతో అమ్మాయి. పేరు మన ఊరిది, మరమగ్గం వాళ్లది. నువ్వు జోంగ్‌డాలో చూసిన లేసు లాంటి సంగతే మనకి ఇంతకు ముందు ఒకసారి జరిగిందమ్మా.

గ్వాంగ్‌జౌకీ అలాంటి కాలం ఉంది. 1757 నుంచి 1842 దాకా చైనాలో ఐరోపా వర్తకులు ఓడ మీద వచ్చి వ్యాపారం చేసుకోవడానికి అనుమతి ఉన్న రేవు అదొక్కటే. నది ఒడ్డున పదమూడు కొఠీలు ఉండేవి. వాళ్ల నది ఒడ్డునా కొఠీలే, మన నది ఒడ్డునా కొఠీలే. తేడా ఏమిటంటే అక్కడ వర్తకులు కూడే అలవాటు మళ్లీ మొదలైంది, మనకి తెగిపోయింది. తాళ్లరేవు, కోరంగి దగ్గర ఓడలు కట్టేవాళ్లు మనవాళ్లు. 1839 తుఫాను కోరంగిని తుడిచిపెట్టేసింది. కాటన్ దొర ఆనకట్ట 1852కి పూర్తయ్యాక డెల్టా అంతా వరికి తిరిగింది, అన్నం పెట్టింది, దాన్ని కాదనలేం. కానీ వరి వచ్చాక మనకి వస్తువు చేసి అమ్మడం కన్నా పంట పండించి అమ్మడమే గౌరవమైన పని అయింది అని నా నమ్మకం.

ఉండి చెరువు (ఉండి)

మేస్టారూ, పంట పండించి అమ్మడం తప్పేం కాదండి.

నేను ఈ మాట గట్టిగానే అడుగుతాను, ఎవరూ ఏమీ అనుకోవద్దు. షుండేలో ఆ చెరువులు ఇప్పుడు ఏమయ్యాయి? ఆ మల్బరీ గట్లు ఉన్నాయా? ఆ నీళ్లు ఎవరైనా తాగుతున్నారా? మన భీమవరం మధ్యలో యనమదుర్రు డ్రెయిను నీళ్లు ఎలా ఉన్నాయో రోజూ చూస్తున్నాం. దాన్లో రొయ్యలవాళ్ల నీళ్లూ కలుస్తున్నాయి, నేనేం కాదనను, నా చెరువు నీళ్లు కూడా ఎక్కడో కలిసేవే. ఇప్పుడు దాని మీద ప్లేటింగ్ (లోహపు పూత వేసే) షాపులు, పెయింట్ బూతులు వస్తే శివారు ఊళ్లకి చేరేది ఏమిటి? కాలవ చివర ఉన్నవాళ్ల కష్టం మొదట్లో ఉన్నవాళ్లకి తెలియదు.

రెండోది రేటు. 2009లో వనామీ రకం రొయ్యకి అనుమతిచ్చాక అందరం చెరువులు తవ్వాం. అమెరికా ఒక్కదాన్నే నమ్ముకున్నాం. 2025 ఆగస్టులో వాళ్లు సుంకం 50 శాతానికి పెంచగానే నా చెరువు పట్టుబడికి (రొయ్య పట్టి అమ్మినప్పుడు) వచ్చిన రేటు చూసి మా ఆవిడ ఏడ్చింది. మాకు ఎగ్జిబిషన్ కాదు, ఇంకో నాలుగు దేశాల కొనుగోలుదారులు కావాలి.

భీమవరం ఏరియేటర్ (భీమవరం)

బాబాయ్, ఆ నాలుగు దేశాలవాళ్లు మన దగ్గరికి ఎందుకొస్తారు, ఎలా వస్తారు? అదే నేను అడుగుతున్నది. 2016లో ఇండియా ఇంటర్నేషనల్ సీఫుడ్ షో విశాఖలో పెట్టారు, నేను వెళ్లాను. రొయ్య పండేది మన చెరువుల్లో, షో మాత్రం ఒకసారి విశాఖ, ఒకసారి గోవా, ఒకసారి కోల్‌కతా. వచ్చిన బయ్యర్ ప్యాకెట్‌లో గడ్డకట్టిన రొయ్య చూసి వెళ్లిపోతాడు. చెరువు చూడడు, మేత ఏం వేస్తున్నాం, ఏరియేటర్ ఎన్ని గంటలు తిరుగుతోంది, యాంటీబయాటిక్ వాడకుండా మనం ఎంత జాగ్రత్త పడుతున్నాం, ఇవేం చూడడు. అదే షో ఇక్కడ ఉండి, మధ్యాహ్నం మీ చెరువు గట్టు మీద నిలబెట్టి పట్టుబడి చూపిస్తే ఆ లెక్క వేరు.

నీళ్ల సంగతి మాత్రం మీరన్నది నిజం. దానికి నా దగ్గర జవాబు లేదు.

తణుకు అబ్బాయి (గ్వాంగ్‌జౌ)

ఉండి బాబాయ్‌కి. చెరువులు చాలావరకు పోయాయండి. కొన్నిచోట్ల పార్కులా పెట్టి చూపిస్తున్నారు, అంతే. ముత్యాల నదిలో దిగడానికి కూడా భయపడే రోజులు ఉండేవట. శుభ్రం చేశామని చూపించడానికి 2006లో ఈ ఊరి మేయరు, అధికారులు వేలమందితో కలిసి నది ఈదారు. తరవాత కాలుష్యం చేసే రకం ఫ్యాక్టరీలు చాలా వాటిని లోపలి ప్రాంతాలకి పంపేశారు. అంటే పాడుచేసి, మళ్లీ డబ్బు పోసి బాగుచేసుకోవాల్సి వచ్చింది. మనకి అంత డబ్బు లేదు, కాబట్టి మొదట్లోనే ఏది రానివ్వాలో ఏది రానివ్వకూడదో అనుకోవాలి. గేర్లు కోయడం, ప్లాస్టిక్ పోయడం, వైండింగ్, బిగింపు, వీటి వల్ల డ్రెయిన్‌కి పెద్ద బాధ ఉండదు. ప్లేటింగ్, రంగుల అద్దకం, ఇవి డెల్టాలో వద్దనే నేనూ అంటాను.

అమ్మాయి గారు లేసు గురించి రాసింది చదివి నాకు బాధ వేసింది. ఫెయిర్‌లో డిజైన్ కాపీ గురించి ఫిర్యాదు తీసుకునే డెస్క్ ఉంటుంది, కాపీ అని తేలితే ఆ సరుకు స్టాల్లోంచి తీయిస్తారు. కానీ అది లోపల. బయట మార్కెట్‌లో ఎవరినీ ఆపలేం. చేత్తో చేసినదని రుజువు చూపించి ఎక్కువ ధరకి అమ్ముకోవడమే దారి.

నరసాపురం లేసు (నరసాపురం)

రుజువు అంటే ఏమిటో నేను చెప్తాను. అల్లే మనిషిని చూపించడం. బల్ల మీద గుడ్డ పెడితే ఎవరూ నమ్మరు, అల్లుతున్న చెయ్యి కనపడితే నమ్ముతారు. ఆ డెన్మార్క్ ఆవిడ రెండేళ్ల తరవాత మా ఊరొచ్చింది, రుస్తుంబాదలో అరుగు మీద కూర్చుని వేళ్ల వైపే చూస్తూ ఉండిపోయింది. వెళ్లేటప్పుడు తనే రేటు పెంచింది. పెంచిన ఆ తేడా నేను అల్లినవాళ్లకే ఇచ్చాను. భీమవరంలో మీరు ఏదైనా పెడితే నాకు స్టాలు వద్దు, నలుగురు ఆడవాళ్లు కూర్చుని అల్లుకోవడానికి నీడ, మంచినీళ్లు, శుభ్రమైన బాత్‌రూమ్ ఇవ్వండి. బాత్‌రూమ్ లేదని మా వాళ్లు చాలా ఎగ్జిబిషన్లకి రారు, ఈ మాట ఎవరూ అనరు కాబట్టి నేనే అంటున్నాను.

అంబాజీపేట పీచు (అంబాజీపేట)

అక్క చెప్పిన మాట రాసిపెట్టుకోండి.

మాది కొబ్బరి పీచు. తొక్క కొట్టి పీచు తీసే మెషిన్లు మేము పొల్లాచ్చి వైపు నుంచి తెచ్చుకుంటాం. కొబ్బరి మన కోనసీమలో, మెషిను తమిళనాడుది. కోయంబత్తూరు వెళ్లినప్పుడు కొడీసియా వాళ్ల ట్రేడ్ ఫెయిర్ ప్రాంగణం చూశాను. కొడీసియా అంటే ఆ జిల్లా చిన్న పరిశ్రమలవాళ్ల సంఘం, 1969లో పెట్టుకున్నారు. ఆ ప్రాంగణాన్ని ఆ సంఘమే కట్టించుకుంది. పంపులు, మోటార్లు, లేతులు చేసేవాళ్లు తమకోసం తాము కట్టుకున్నారు. హాలు ఖాళీగా ఉండకపోవడానికి కారణం అదే, వాళ్ల సరుకు పెట్టుకోవడానికి వాళ్లకి ఎప్పుడూ చోటు కావాలి. గోదావరి గట్టు గారు చెప్పిన హాలు ప్రభుత్వం కడితే ఉండి ఆయన చెప్పినట్టే అవుతుంది. మన సంఘం ఉండి, మనం అడిగి కట్టించుకుంటే వేరేలా ఉంటుంది. ముందు మనకి సంఘం ఉందా? రైస్ మిల్లర్లకి ఉంది, రొయ్యల రైతులకి ఉంది. మెషిన్లు, విడిభాగాలు చేసే చిన్న షెడ్లవాళ్లకి నాకు తెలిసి మన వైపు ఏమీ లేదు. పక్క షెడ్డులో ఎవరి దగ్గర ఏ లేతు ఉందో కూడా మనకి తెలియదు.

గోదావరి గట్టు (రాజమండ్రి)

ఒప్పుకుంటున్నాను. కోయంబత్తూరు సంగతి నాకు తెలియదు. అయినా రాజమండ్రిని వదిలేయకండి, విమానం దిగేవాడు దిగేది ఇక్కడే.

కాకినాడ రేవు (కాకినాడ)

దిగేది మధురపూడిలోనే, కానీ సరుకు ఎక్కేది ఎక్కడ? మన జిల్లాల రొయ్య కంటైనర్లు ఎక్కువగా విశాఖ వెళ్తున్నాయి. కాకినాడలో డీప్ వాటర్ పోర్టు ఉండి కూడా బియ్యం, ఎరువులు, బొగ్గు ఇలాంటి రాశులుగా పోసే (బల్క్) సరుకే ఎక్కువ. గ్వాంగ్‌జౌ నిలబడింది ఫెయిర్ వల్లే కాదు, నది మీద పడవ నుంచి ఓడ దాకా వాళ్లకి నీటిదారి ఉంది. మనకీ గోదావరి మీద, కాలవల మీద ఒకప్పుడు పడవల్లో ధాన్యం, కొబ్బరి, కలప పోయేవి, లాకులన్నీ వాటికోసం కట్టినవే. ఇప్పుడు కోటిపల్లి–నరసాపురం రైలు లైను కూడా మంజూరై ఇరవై ఏళ్లు దాటినా ఇంకా పూర్తి కాలేదు. అది వస్తే కోనసీమ పీచు, నరసాపురం లేసు నేరుగా కాకినాడ చేరతాయి. మీరు ఎగ్జిబిషన్ పెట్టినప్పుడు ఈ మాట కూడా ఎవరైనా గట్టిగా అడగాలి.

పాలకొల్లు మేస్టారు (పాలకొల్లు)

ఒక చిన్న మాట. మనకి ఎగ్జిబిషన్ తెలియదని ఎవరూ అనుకోవద్దు. భీష్మ ఏకాదశికి అంతర్వేది తీర్థానికి ఎంతమంది వస్తారు? కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి పదకొండు ఊళ్ల ప్రభలు ఏ హాలూ లేకుండా కొబ్బరితోటలో చేరతాయి, చేలల్లోంచి, కౌశిక నది దాటించి భుజాల మీద మోసుకొస్తారు. ఏ రోజు, ఏ చోటు అని ప్రతి ఏడూ ఎవరూ చెప్పక్కర్లేదు. అదే కావలసింది. కాంటన్ ఫెయిర్ కూడా ఏటా ఏప్రిల్ 15, అక్టోబర్ 15 అని పెట్టుకుని నడిపారని తణుకు అబ్బాయి నాకు విడిగా రాశాడు, కరోనాలో తిరగడానికి వీల్లేనప్పుడు కూడా ఆన్‌లైన్‌లో పెట్టారు కానీ మానలేదట. తేదీ మార్చకుండా పదేళ్లు పెట్టగలరా? పెట్టగలిగితేనే మొదలుపెట్టండి నాయనా.

తణుకు అబ్బాయి (గ్వాంగ్‌జౌ)

మేస్టారు చెప్పినట్టే అండి. అక్టోబర్‌కి వచ్చేవాళ్లకోసం ఇవి చెప్తాను. మెషిన్లు, మోటార్లు, విడిభాగాలు మొదటి విడతలోనే, అక్టోబర్ 15 నుంచి 19 దాకా. రెండో విడత ఇంటి సామాన్లు, బహుమతి వస్తువులు, మూడో విడత బట్టలు, తిండి సరుకులు లాంటివి. విడతకి ఐదు రోజులు. తప్పు విడతకి వచ్చి ఖాళీ చేతులతో వెళ్లినవాళ్లని చూశాను, అందుకే చెప్తున్నాను. బయ్యర్ బ్యాడ్జికి ముందే ఆన్‌లైన్‌లో రిజిస్టర్ చేసుకోండి, ఆహ్వానపత్రం వీసాకి కూడా పనికొస్తుంది. 2025 అక్టోబర్ నుంచి కోల్‌కతా విమానం నేరుగా మళ్లీ నడుస్తోంది. ఫెయిర్ రోజుల్లో పాజౌ దగ్గర హోటళ్లు చాలా ఖరీదు, మెట్రో 8వ లైను మీద కొంచెం దూరంగా తీసుకోండి. నగదు వాడేవాళ్లు అక్కడ తక్కువ, ఫోన్‌లో అలీపే (డబ్బు చెల్లించే యాప్) పెట్టుకుని మీ కార్డు కలుపుకోండి. రెండు రోజులు ఫెయిర్, మూడు రోజులు షుండే, జోంగ్‌షాన్ వైపు వర్క్‌షాపులు చూసేలా ప్లాన్ చేసుకోండి. నేర్చుకునేది ఫెయిర్‌లో కాదు, వర్క్‌షాపుల్లో.

భీమవరం ఏరియేటర్ (భీమవరం)

తమ్ముడూ, చాలా చాలా థాంక్స్. ఈ రెండు రోజులూ అందరితో ఫోన్లో మాట్లాడాను. అనుకున్నది చెప్తాను, తప్పులుంటే దిద్దండి.

అక్టోబర్‌కి ఏడుగురం వెళ్తున్నాం. ఇరవై మంది అన్నాను కానీ ఖర్చు చూసి ఏడుగురు మిగిలారు. వాళ్లలో అంబాజీపేట పీచు గారు కూడా ఉన్నారు.

దానికన్నా ముందు ఒక పని. భీమవరం, ఆకివీడు, ఉండి, పాలకొల్లు, తణుకు, ఇక్కడ లేతు, మిల్లింగ్, వెల్డింగ్, ప్లాస్టిక్ మౌల్డింగ్, మోటారు వైండింగ్ షెడ్లు ఎవరి దగ్గర ఏముందో ఒక పుస్తకంలా రాస్తున్నాం. ఇప్పటికి ముప్ఫై ఒక్క షెడ్లు తిరిగాను. మీకో సంగతి చెప్పాలి. గేర్లు కోసే హాబింగ్ మెషిను కోసం నేను విజయవాడ పరిగెడుతున్నాను కదా, పెనుగొండ రోడ్డులో ఒకాయన షెడ్డులో పాతది ఒకటి ఉంది, రైస్ మిల్లు పనులకి వాడేవారట, ఆరేళ్లుగా గోనెసంచి కప్పి ఉంచారు. నాకు ఇరవై అయిదు కిలోమీటర్ల దూరంలో. ఆయనకి నేను తెలియదు, నాకు ఆయన తెలియదు.

ఎగ్జిబిషన్ సంగతి: సంక్రాంతి తరవాత వచ్చే మొదటి శని, ఆదివారాలు, ప్రతి ఏడూ అవే. హాలు లేదు, మార్కెట్ యార్డు షెడ్డు అడుగుతున్నాం. చెరువు సామాన్లు, విడిభాగాలు ప్రధానం. మధ్యాహ్నం చెరువు చూపించడం. ఉండి బాబాయ్ చెరువు అడుగుదామనుకుంటున్నాను, ఇక్కడే అడుగుతున్నాను, కోప్పడకండి.

ఉండి చెరువు (ఉండి)

కోపం ఎందుకురా. ఆ టైముకి నా చెరువు రొయ్య ముప్ఫై, నలభై కౌంట్‌లో (కిలోకి అన్ని రొయ్యలు) ఉండాలి, అన్నీ బాగుంటే. చూపించు. కానీ నీ మీటింగులో డ్రెయిను నీళ్ల గురించి ఒక గంట నాకివ్వాలి. పొల్యూషన్ బోర్డు వాళ్లని పిలవాలి. ప్లేటింగ్ వద్దు అని అందరూ అక్కడే సంతకం పెట్టాలి. అది లేకపోతే నా గట్టు మీదికి ఎవరినీ తేవద్దు.

భీమవరం ఏరియేటర్ (భీమవరం)

ఇస్తాను బాబాయ్. మొదటి రోజు పొద్దున్నే, అందరూ ఉన్నప్పుడే.

నరసాపురం లేసు (నరసాపురం)

మార్కెట్ యార్డులో బాత్‌రూమ్ సంగతి కనుక్కున్నారా?

భీమవరం ఏరియేటర్ (భీమవరం)

నిన్న వెళ్లి చూశానమ్మా. ఉంది కానీ తలుపు లేదు, నీళ్ల పైపు విరిగింది. యార్డు వాళ్లతో మాట్లాడుతున్నాను, వాళ్లు చేయకపోతే మా షెడ్డు కుర్రాళ్లతో ఇనప తలుపు చేయించి నేనే పెట్టిస్తాను. పైపు కూడా.

పెనుగొండ రోడ్డు ఆయన మెషిను మీద గోనెసంచి తీశాం. బెల్టులు పోయాయి, లోపల బాగుంది. 1:14 గేరుకి డ్రాయింగు ఇచ్చాను, ఇత్తడి చక్రం ఒకటి పోతపోయించి ఆదివారానికి మొదటి పీసు కోస్తామన్నారు. సీలుకి మాత్రం తణుకు అబ్బాయి పంపే శాంపిల్ రావాలి. వచ్చాక ఉప్పునీళ్ల తొట్టిలో ముంచి రాత్రింబవళ్లు తిప్పి చూస్తాను, ఎన్ని రోజులు ఆగిందో ఇక్కడే రాస్తాను.